పంతొమ్మిది కిరాయిలు

పుణె నుంచి ఒకాయన రాసిండు:
డెబ్బై ఆరుల ప్రాణహిత మీద పడవ మునిగింది గదా,
ఎంతమంది పోయిండ్రు?
ఆధారం కావాలె. శుక్రవారం లోపట.
మూడు వందలు ముందే పంపిండు.

సిరొంచ బస్టాండు పక్క జిరాక్సు దుకాణంల
కుర్చీ గుంజుకొని వెతుకుడు మొదలువెట్టిన.
సిగ్నల్ కాసేపు నది ఇవతలిది, కాసేపు అవతలిది,
నా ఫోనుకు సుత తనది ఏ రాష్ట్రమో తెల్వదు.

ఏడు చోట్ల దొరికింది.
ఏడు చోట్లా నలభై రెండు.
సంబురంగ చాయ్ చెప్పిన.
చాయ్ వచ్చేలోపట మళ్ళ చూస్తే
ఏడింట్లనూ ప్రాణహిత 'ప్రాణహీత' అయ్యున్నది,
ఏడింట్లనూ అదే అక్షరం కాడ కాలు జారింది.
ఏడుగురు సాక్షులు కారు వీళ్ళు,
ఒక్కడే, ఏడు అంగీలు మార్చుకొని వచ్చిండు.
ఆ ఒక్కడెవడని అడుగుజాడ వట్టుకొని పోతే
పేరు లేదు, తారీఖు లేదు,
పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఒకటున్నది.

తహసీలు కచేరీల వాసేకర్ బాబు
మరాఠీ రిజిస్టరు తీసి
దుమ్మంత నా మొఖం మీదికే దులిపిండు.
భాద్రపదం. నావ బుడాలీ.
రెండే ముక్కలు, కింద సంతకం.
మనుషులు లేరు.
మేకలున్నయి: ఆరు. పరిహారం మంజూరు.

ఓదెలు తాత నేను ఆ పడవలనే ఉన్ననన్నడు.
గాలి ఏ దిక్కు నుంచి కొట్టిందో
తెడ్డు ఎట్ల విరిగిందో చేతులతోని చూపిండు,
ఆ చేతుల నడుమ నాకు నీళ్ళు కనవడ్డయి.
గబగబ రాసుకుంటున్న.
'వంతెన మీది నుంచి జనం ఒక్కతీరు మొత్తుకుంటున్నరు' అన్నడు.
పెన్ను ఆగింది.
వంతెన మొన్న మొన్న గట్టిందాయె.
ముసలాయన అబద్ధమాడలె.
యాభై ఏండ్ల సంది ఆ నీళ్ళ దిక్కే చూసుకుంట కూసున్నడు,
కొత్తగ గట్టింది పోయి పాత రోజుల నిలవడ్డది.
ఆ మాట కొట్టెయ్యలె.
పక్కన ప్రశ్నగుర్తు ఒకటి పెట్టి ఊకున్న.

రేవు గుత్త అప్పట్ల హుసేన్ మియాది.
మనుమడు సందూకల నుంచి లెక్కల బుక్కు తీసిండు,
అంకెలు ఉర్దూల ఉంటే తనే సదివి చెప్పిండు:
ఆ దినం ఆఖరి కేపు, పంతొమ్మిది కిరాయిలు.
పైస తక్కువైతే మియా మెడకే చుట్టుకునేది,
అందుకని ఆ బుక్కుల ఒక్క కొట్టివేత లేదు.
ఇగ దొరికిందనుకున్న.

ఆ పేజీ జిరాక్సు తీపిస్తుంటే
ఎనక లైన్ల, ఆధార్ కార్డు చేతుల వట్టుకొని, పోసుబాయి.
ఏందది బిడ్డా అన్నది. చెప్పిన.
కొద్దిసేపు ఏమనలె.
'మా తమ్మునికి పైసలు తీసుకోలె గదా.
మా అవ్వ సంకల ఉండె.'

మిషన్ల వెలుగు ఇటు నుంచి అటు పోయింది.
బుక్కు ఉన్నదున్నట్టే చెప్పింది,
దాన్ని పిల్లల సంగతి ఎవరూ అడగలె.
రిజిస్టరుకు మేకల యజమాని అర్జీ పెట్టుకున్నడు,
మనుషుల కోసం ఎవరు పెట్టుకోవాలె?

పుణె ఆయనకు రాత్రి రాసి పంపిన:
పడవ మునిగింది నిజం, రిజిస్టరుల ఉన్నది.
కిరాయి ఇచ్చినోళ్ళు పంతొమ్మిది. అండ్ల ఎందరు బతికిండ్రో తెల్వదు.
కిరాయి ఇయ్యని పిల్లగాడొకడు. అక్క చెప్పింది,
ఆమెకు అప్పుడు ఆరేండ్లు, ఒడ్డు మీద ఉండె.
నలభై రెండు ఎక్కడిదో తెల్వదు.

'సంఖ్య ఒక్కటి చెప్పండి చాలు' అని జవాబు.
చెప్పలె. సగం పైసలు వాపసు పంపిన,
సగం చాయ్‌కూ జిరాక్సుకూ అయిపోయినయి.
ఆయన వ్యాసంల ఇప్పుడు నలభై రెండున్నది.
ఎనిమిదో అంగీ.

ఆదివారం అంగట్ల పోసుబాయి కలిసింది.
'తమ్ముని పేరు రాసుకున్నవా?'
నేను అడగనే లేదు.
ఇన్ని కాగితాలు తిరగేసినోన్ని, అడగనే లేదు.
జేబుల చేయి పెడితే కిరాణా చిట్టీ తలిగింది.
'గట్టయ్య' అన్నది.
'పెద్దగ రాయి, జిరాక్సుల కనవడాలె.'